తొమ్మిదో జమాత్ మార్కులు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక మధ్యాహ్నం యాకుత్‌పురా రైల్వే క్వార్టర్ల ముందు పరదా కట్టిన ఝట్కా బండి వచ్చి ఆగింది. అందులోంచి దిగింది మెహరున్నిసా ఉస్తాని. నాగమణమ్మ కూతురు కళావతికి హైస్కూల్లో లెక్కలు చెప్పిన టీచరు. పిల్లల ఇళ్లకు వెళ్లే అలవాటు లేని మనిషి. ఆమెను చూసి నాగమణమ్మ చేతిలోని చేట పక్కన పెట్టి గబగబా లేచింది.

"నీ బిడ్డను వజీఫా ఇంటర్వ్యూకు పిలిచిన్రు," అంది ఉస్తాని, బుర్ఖా ముసుగు వెనక్కి వేసుకుంటూ. "మెట్రిక్ నంబర్లు చూసి రియాసత్ మొత్తంల కొద్దిమందినే పిలిచిన్రు. వాళ్లల్ల ఇద్దరికే ఇస్తరు. దొరికితే కాలేజీ చదువు, బోర్డింగు, కితాబులు అన్నీ సర్కారుదే."

నాగమణమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు. భర్త బాలనర్సింహ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆయన జీతంతో కళావతి పదో జమాత్ దాటడమే గొప్ప. పిల్లకు లెక్కలంటే ప్రాణం. ముగ్గు వేసేటప్పుడు కూడా చుక్కల మీద ఏదో లెక్క కట్టుకుంటూ కూర్చునేది.

చాయ్ తాగి లేచాక, గుమ్మం దగ్గర ఉస్తాని గొంతు తగ్గించింది. "ఒక్కటే ఫికర్. ఆఖర్ల మూడేండ్ల నంబర్లు కలిపి చూస్తరు. ఎనిమిదోది మంచిగుంది, పదోది మస్తుగుంది. తొమ్మిదోదే గదా దెబ్బ."

"తొమ్మిదిల తక్కువొచ్చినయా?" అని అడిగింది నాగమణమ్మ.

ఉస్తాని, తల్లికే తెలియదా అన్నట్టు చూసి, "అల్లా ఉన్నడు," అని ఝట్కా ఎక్కింది.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన బాలనర్సింహ కాళ్లు కడుక్కుంటుంటే నాగమణమ్మ అడిగింది. ఆయన కండువాతో ముఖం తుడుచుకొని, ఆ కండువానే మడతలు పెడుతూ కూర్చున్నాడు.

"పిలగాడు పోయిన ఏడు గదనే అది."

మశూచితో చిన్నకొడుకు పోయాడన్నది నాగమణమ్మకు తెలుసు. ఆ తర్వాత సంగతులే తెలియవు. ఎవరో తల దువ్వడం, ఎవరో నోట్లో ముద్ద పెట్టడం మాత్రం అక్కడక్కడ గుర్తున్నాయి. తను జబ్బు పడి లేచాననే అనుకుంది ఇన్నాళ్లూ.

"పిలగాడు ఇంకా పట్టాల మీద ఆడుకుంటున్నడని ఉరుకుతుంటివి," అన్నాడాయన. "నేను డ్యూటీల ఉంటే బిడ్డనే నిన్ను కాపలా కాసింది. నీ కొంగు తన చేతికి కట్టుకొని చదువుకునేది. నువ్వు లేస్తే తనకు తెల్వాలె గదా. సగం రోజులు బడికే పోలేదు. ఇంతిహాన్ రాసే నాడు సుత నువ్వు తలుపు తీసుకొని ఎల్లిపోతే, నిన్ను ఎతికి తెచ్చినంకనే పోయింది. అప్పటికి సగం టైమైపోయింది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకుంది."

ఆ మాట విన్న తర్వాత నాగమణమ్మకు అన్నం సహించలేదు. కళావతి మాత్రం ఏమీ ఎరగనట్టు కూనిరాగం తీస్తూ, ఇంటర్వ్యూకు కట్టుకోవలసిన వోణీకి అంచు కుట్టుకుంటూ కూర్చుంది. ఆ చేతుల వైపు చూడలేక తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంటర్వ్యూ నాడు తల్లీకూతుళ్లిద్దరూ వెళ్లారు. పొడుగాటి గదిలో మేజా వెనక ముగ్గురు ఆడవాళ్లు కూర్చున్నారు. తోడు వచ్చినవాళ్లకు తలుపు పక్కన బెంచీ వేశారు. కళావతి నిలబడి అడిగినదానికల్లా ఉర్దూలో తడబడకుండా జవాబు చెప్పింది. ఒక లెక్క ఇస్తే కాగితం కూడా అడగకుండా నోటితోనే తేల్చేసింది. ముగ్గురిలో పడుచామె నవ్వింది. నాగమణమ్మ గుండెలో భయం కాస్త సర్దుకుంది.

అప్పుడు కళ్లద్దాల పెద్దామె ఎదుట ఉన్న కాగితం తిప్పి, "తొమ్మిదో జమాత్‌లో ఏమైంది నీకు?" అని ఉర్దూలో అడిగింది.

కళావతి ఒక్కసారి కూడా బెంచీ వైపు తిరగలేదు. "మెహనత్ నహీఁ కీ," అంది. కష్టపడలేదు అని.

పెద్దామె కలం తీసి ఏదో రాయబోయింది. నాగమణమ్మ లేచి నిలబడింది.

"ఝూట్ బోల్రీ, అమ్మా," అంది. "అబద్ధం."

"అమ్మా, కూసో," అంది కళావతి తెలుగులో, పళ్ల బిగువున.

నాగమణమ్మ కూర్చోలేదు. బజారులో కూరగాయల బేరానికి పనికొచ్చే ఉర్దూ ఆమెది. దానికి తెలుగు కలిపి చెప్పుకొచ్చింది. కొడుకు పోయాడని చెప్పింది. తనకు మతి పోయిందని చెప్పింది. పిల్ల తన కొంగు చేతికి కట్టుకొని కూర్చుందని, బిడ్డది ఏ తప్పూ లేదని, రాసేదేదైనా ఉంటే తన పేరు మీద రాసుకొమ్మని చెప్పింది. మాట్లాడుతున్నంతసేపు పడుచామె చూపు నాగమణమ్మ చేతుల మీదే ఉంది, అవి ఏం చేస్తాయోనని భయపడుతున్నట్టు. కళావతి తల వంచుకుంది.

పెద్దామె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నాగమణమ్మకు మంచినీళ్లు ఇప్పించింది.

"నేనూ బిడ్డను పోగొట్టుకున్న తల్లినే," అంది నెమ్మదిగా. "కానీ బయట కూర్చున్న పిల్లల మూడేళ్ల మార్కులూ బాగున్నాయి. వాళ్ల ఇళ్లల్లో ఏం జరిగిందో నేను అడగలేదు. మార్కులు తూచగలను గాని, దుఃఖాలు ఎట్లా తూచను?"

వజీఫా మరో ఇద్దరికి వచ్చింది. ఆ సాయంత్రమే పేర్లు చదివారు. పేరు రాని పిల్లల్లో ఒకరిద్దరు ఏడ్చారు. కళావతి ఏడవలేదు. చార్మినార్ దాటి ఇంటి దారి పట్టేదాకా తల్లికన్నా నాలుగడుగులు ముందే నడిచింది.

"నీ మీద నువ్వే ఎందుకేసుకున్నవ్ బిడ్డా?" అంది నాగమణమ్మ చివరికి.

"వాళ్లు నిన్ను గట్ల చూస్తరనే," అంది కళావతి. "బళ్లె ఎంతమంది అడిగినా చెప్పలే. ఉస్తానికి సుత చెప్పలే. నువ్వే పోయి అందరి ముంగట చెప్పినవ్."

అప్పుడు వచ్చింది ఏడుపు. గాజుల దుకాణాల వాళ్లు చూస్తున్నా దారి మధ్యలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నాగమణమ్మ దగ్గరికి తీసుకోబోతే భుజం విదిలించుకుంది. తల్లి అక్కడే, చేతికందేంత దూరంలో, ఊరికే నిలబడింది.

తర్వాత మెహరున్నిసా ఉస్తానే తిరిగి చాంద్రాయణగుట్ట దగ్గర చిన్నపిల్లల బడిలో కళావతికి పని ఇప్పించింది. అలిఫ్ బే అంటూ ఉర్దూ అక్షరాలు, ఒంట్లు చెప్పే పని. కళావతి రోజూ వెళ్లి వచ్చేది. ఇంట్లో అందరితో మామూలుగానే మాట్లాడేది. లెక్కల పుస్తకాలు మాత్రం ఎవరో పిల్లకు ఇచ్చేసింది.

ఒక శుక్రవారం సెలవు నాడు ఇద్దరూ బావి దగ్గర బట్టలు ఉతుకుతున్నారు. నాగమణమ్మ చాలాకాలంగా అడగాలనుకుంటున్న మాట అడిగేసింది.

"గా ఏడు నాకు యాది లేదు బిడ్డా. నేనేం చేస్తుంటిని? నిన్నేమన్న కొట్టిన్నా?"

కళావతి చీర పిండుతూ ఆగింది. ఆమె ఎడమ కనుబొమ మీద ఒక పాత మచ్చ ఉంది. చిన్నప్పుడు కింద పడితే తగిలిందని చెబుతూ ఉంటుంది. చిన్నతనంలో పడ్డట్టు తల్లికి జ్ఞాపకం లేదు.

"ఏం చెయ్యలేదమ్మా," అంది. "మంచిగ పండుకుంటుంటివి."

నాగమణమ్మ ఆ మచ్చ వైపు చూసింది. చీర రెండో కొస అందుకుంది. ఇద్దరూ చెరో పక్క పట్టుకొని నీళ్లు కారిపోయేదాకా పిండి, ఎండలో ఆరేశారు.