నిద్రపోయిన డిస్కులో నానమ్మ

డుంబ్రిగుడ సంత రోజున నీలవేణి జిరాక్స్ షాపులో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ జనాన్ని తోసుకుంటూ ఫల్గుణ లోపలికొచ్చి, సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన నీలవేణికి స్వయానా చిన్నాన్న, ఊరి అటవీ హక్కుల కమిటీకి కార్యదర్శి. లాప్‌టాప్ కమిటీది.

“బేగి సూడే గుంటా. విండోస్ లెగట్లేదు. నిన్నటి కాడ్నించీ సున్నాలు తిప్పుతాంది, అంతే.”

మధ్యాహ్నం రెండింటికి గ్రామసభ. కొండవాలు భూమికి పట్టా అడగాలంటే హద్దులెరిగిన పెద్దల మాట కావాలి. ఆ హద్దుల వెంట నడిచి, ప్రతి బండనూ పేరుపెట్టి చెప్పింది నీలవేణి నానమ్మ అచ్చియమ్మ. చైత్రంలో ఊరి టీచరమ్మ దాన్ని ఫోనులో వీడియో తీసి లాప్‌టాప్‌లో ఎక్కించింది. ఆ ఫోను వానల్లో ఆమె గెడ్డ వాగు దాటుతుంటే కొట్టుకుపోయింది. శ్రావణంలో అచ్చియమ్మా పోయింది. ఇక మిగిలిన ఒక్క కాపీ ఈ లేవని విండోస్ లోపలుంది. అది దొరక్కపోతే, ఆ కొండంతా మాదేనంటున్న పక్క ఊరి పోలయ్యకు ఎదురు చెప్పే నోరు లేదు.

నీలవేణి కంగారుపడే రకం కాదు. రెండేళ్ల కిందట అదే డిస్కులో విండోస్ పక్కన కొంత భాగం విడగొట్టి లినక్స్ పెట్టింది తనే. ఒక ఇంటికి రెండు వంటగదులెందుకే అని ఆనాడు నవ్విందీ ఈ చిన్నాన్నే. ఇప్పుడా రెండో వంటగదిలోనే పొయ్యి వెలిగించాలి.

మిషన్ ఆపి లినక్స్‌తో మొదలుపెట్టింది. నిమిషంలో తెర వెలిగింది. విండోస్ ఉన్న భాగం కళ్లెదుటే కనబడుతోంది గానీ, నొక్కితే తెరుచుకోనంది. విండోస్‌ను పూర్తిగా ఆపలేదు, నిద్రలో ఉంది, ముట్టుకోనంటూ లినక్స్ ఒక మాట పడేసింది.

“సిన్నాన్నా, దీన్ని ఎప్పుడైనా షట్‌డౌన్ సేసినావా?”

“ఎందుకు సేత్తాను? మూతేసీడమే. పొయ్యిలో నిప్పు ఆర్పీసుకుంటామేటి? బూడిద కప్పుతాం. పొద్దున ఊదితే రాజుకుంటాది.”

కొండ మీద ఇళ్లలో రాత్రి నిప్పు ఆర్పరు. ఆ మర్యాదే మిషన్‌కీ చేశాడు మహానుభావుడు! నీలవేణికి కోపమూ నవ్వూ కలిసొచ్చాయి.

“అయితే దాని నిద్ర సెడగొట్టి తెరిసీ,” అన్నాడాయన.

“అలా సేత్తే లోపల సగంలో ఉన్న పనంతా పోతాది. ఏదీ ముట్టకుండా, సదవడానికి మాత్రమే తెరుత్తాను.”

అదే సంగతి ఒక్క వరుసలో టైపు చేసింది. ఫోల్డర్లు బుద్ధిగా తెరుచుకున్నాయి. వీడియో పెన్‌డ్రైవ్‌లోకి దిగింది. కాపీ చివరిదాకా ఆడుతోందో లేదోనని అక్కడక్కడా నొక్కి చూస్తుంటే, నానమ్మ గెడ్డ ఒడ్డున ఆగి, చేతికర్రతో అవతలికి చూపించింది.

“గెడ్డకి ఇవతలదంతా మాది. అవతలిది మాది కాదు. పోలయ్యోల అయ్య భీముడిది. ఆయనకి జొరమొచ్చిన ఏడు మేం దున్నినాం. మళ్లీ ఇవ్వలేదు. తప్పే.”

ఫల్గుణ మొహం వాడిపోయింది. గంటన్నర వీడియోలో పది నిమిషాలకు మించి ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. అవతలున్నది ఎకరం కాఫీ, దానికి నీడనిచ్చే చెట్ల మీద పాకిన మిరియపు తీగ. అన్నీ ఆయన తన చేత్తో నాటినవే.

“ఆ ముక్క కోసియ్యే, అమ్మా.”

“నానమ్మ మాటకి కత్తెరెయ్యను. ఆడితే మొత్తం ఆడతాది, నేదంటే నేదు.”

షాపు మూసి ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు. దారి పొడుగునా లాప్‌టాప్ సంచి ఫల్గుణ ఒళ్లో ఉంది. పెన్‌డ్రైవ్ నీలవేణి గుప్పిట్లో ఉంది.

బడి వరండాలో కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టి వీడియో వేసింది. పోలయ్య చేతులు కట్టుకుని ముందు వరసలో కూచున్నాడు, ప్రతి బండకూ కాదనడానికి సిద్ధంగా. వీడియోలో అచ్చియమ్మ గెడ్డ దగ్గరికొచ్చేసరికి ఆయన చేతులు విడిపోయాయి.

“మా అయ్య సచ్చీదాకా ఇదే సెప్పీవోడు,” అన్నాడు నెమ్మదిగా లేచి. “ఎవులూ నమ్మనేదు. ఆ ఉక్రోసంతోనే కొండంతా నాదన్నాను. తన తప్పు ఒప్పుకున్న మనిసి మిగతాది అబద్దం సెప్పదు. అచ్చియమ్మ సెప్పిందే హద్దు. రాసుకోండి, బాబూ.”

కాగితం మీద మొదటి వేలిముద్ర ఆయనదే పడింది. సిరా డబ్బా పట్టుకున్నది ఫల్గుణ. ఎకరం పోగొట్టుకున్న మనిషి, కొండ నిలిచినందుకు ముక్కు చీదుకున్నాడు.

పోలయ్య వేలు తుడుచుకోకుండానే నీలవేణి దగ్గరికొచ్చాడు.

“ఇంకోపాలి ఎయ్యి తల్లీ. మా అయ్య పేరు సెప్పింది సూడూ, అక్కడ్నించి.”

ఆమె వెనక్కి జరిపి వేసింది. నానమ్మ పోయిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది. తుడుచుకోలేదు.