డిస్కులో ఉండిపోయిన గొంతు

బస్‌స్టేషన్‌లో అందరూ ఆవిడను అనౌన్సరమ్మ అనేవారు. ప్రయాణికుల్లో ఆవిడ ముఖం ఎరిగినవాళ్ళు తక్కువ, గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పేటప్పుడు ఆ గొంతులో కంగారు ఉండేది కాదు, విసుగు ఉండేది కాదు. సంచులు మోసుకుంటూ పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఆ మాట చెవిన పడగానే పరుగు ఆపి నడక అందుకునేవారు.

ఇంట్లో మాత్రం అదే గొంతుకు వేరే పని. అత్తగారు ఒకటంటే ఆవిడ రెండనేది. అత్తగారు ఊరుకునే మనిషి కాదు, మూడోది అందుకునేది. "మీ ఇద్దరి మధ్య గిన్నె పెడితే పాలు కాగుతాయి, గ్యాస్ మిగుల్తుంది" అనేవాడు భర్త. ఆయన బస్సు డ్రైవరు. ఆ మాట అనేసి, ఇద్దరూ కలిసి తన మీదికి తిరగకముందే వీధిలోకి జారుకునేవాడు.

ఆ గొంతులో గడ్డ పుట్టింది. పెద్ద డాక్టరు నాన్చకుండా చెప్పాడు. "ప్రాణానికి ఢోకా లేదు. కానీ స్వరపేటిక తీసేయాలి. ఆ తర్వాత మాట ఉండదు."

అదే ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకామె ఉంది. ఆమె ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని ఒక దారి చెప్పింది. ఆపరేషన్‌కు ముందే సొంత గొంతుతో వీలైనన్ని వాక్యాలు రికార్డు చేసి పెట్టుకోవాలి. వాటిని విని ఆ గొంతు నేర్చుకునే ప్రోగ్రాము ఒకటి తయారవుతోంది. అది చేతికి వచ్చాక, ఏది టైపు చేస్తే అది ఆ గొంతుతోనే పలుకుతుంది.

ఇంట్లో కంప్యూటర్ ఉంది. ఏదో ఆఫీసు మూసేస్తుంటే భర్త కొనుక్కొచ్చిన పాతది. దాన్ని పరుపులూ దుప్పట్లూ ఉన్న చిన్న గదిలోకి మార్చారు, అక్కడైతే మాట ప్రతిధ్వనించదని. డాక్టరమ్మ ఇచ్చిన వాక్యాలు ఆవిడ రోజూ చదివేది. అత్తగారు గుమ్మం దగ్గర కాపలా. పక్కింట్లో మిక్సీ మోగితే వెళ్ళి ఆపించి వచ్చేది.

ఒక రోజు అత్తగారు తలుపు కాస్త తెరిచి తల లోపల పెట్టింది.

"ఇవన్నీ సరే. నన్ను అనే మాటలు కూడా చదవవే. రేపు నాకు జవాబు చెప్పేదెవరు?"

ఆవిడ నవ్వలేక, ఏడవలేక, మళ్ళీ మైకు ముందు కూర్చుంది. "మీరన్నదే వేదం, సరేనా?" అన్న మాటను రకరకాలుగా చదివింది. మర్యాదగా ఒకసారి, పళ్ళు నూరుతూ ఒకసారి, తలుపు దడాలున వేసే ముందు అనే తీరులో ఇంకోసారి. ఆ ఫైళ్ళన్నీ కంప్యూటర్‌లో ఉన్న పెద్ద హార్డ్ డిస్కులోకి వెళ్ళాయి.

ఆపరేషన్ బాగా జరిగింది. మనిషి దక్కింది. ఇల్లు మూగబోయింది.

చేతిలోకి తెల్ల పలక, మార్కరు వచ్చాయి. అవసరానికి సరిపోయాయి కానీ జగడానికి పనికిరాలేదు. కోపమంతా రాసేలోపే చల్లారిపోయేది. అత్తగారు కూరలో ఉప్పు తక్కువైందని రెచ్చగొట్టి చూసేది. కోడలు పలక అందుకుని, మార్కరు మూత తీసి, రాసి, తిప్పి చూపించేసరికి అత్తగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. కొన్నాళ్ళకు అనడం మానేసింది. వీధిలో జనం ఇంకో రకం. నోటమాట లేదని తెలియగానే, చెవుడు కూడా ఉందనుకుని గట్టిగా అరిచేవారు. బస్‌స్టేషన్ మేనేజరు దయతలచి పోయిన సామాన్ల కౌంటర్‌లో వేశాడు. ప్రయాణికులు మరిచిపోయిన గొడుగుల మధ్య ఆవిడ కూర్చునేది. మైకులో పాత టేపు గరగరలాడుతుంటే తల వంచుకునేది.

ఇంతలో డాక్టరమ్మ కబురు పంపింది. ప్రోగ్రాము వచ్చింది. అయితే ఇంట్లో కంప్యూటర్‌ను నడిపించే పాత సిస్టం మీద అది నడవదు, ఆ సిస్టం మార్చాలి.

ఆవిడ అన్నయ్యకు బజారులో చిన్న కొట్టుంది. ప్రింటర్లు బాగుచేయడమే ఎక్కువ, కంప్యూటర్లు కూడా చూస్తాడు. ఆయనే వచ్చి, సిస్టం ఉండే చిన్న డిస్కులో పాతది తీసేసి కొత్తది ఎక్కించాడు.

"పెద్ద డిస్కు జోలికి పోలేదమ్మా. నీ గొంతు భద్రం" అని చెల్లెలి తల నిమిరి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం భర్త కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆవిడ వెనక నిలబడింది. పెద్ద డిస్కు బొమ్మ మీద నొక్కగానే ఫోల్డర్లు రావలసిన చోట చిన్న డబ్బా ఒకటి వచ్చింది. ఈ డిస్కును గుర్తుపట్టలేకపోతున్నాను, వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది.

"చేయమంటోంది, చేసేస్తే పోలా" అంటూ ఆయన బాణాన్ని 'అవును' వైపు జరిపాడు. బండి తాళం తిప్పాక వెనక్కి చూడని మనిషి.

ఆవిడ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. పలక వంటింట్లో ఉంది. ఆయన భుజం మీద చరిస్తే వేలు జారి నొక్కేస్తాడేమోనని భయం. ఒక్క ఉదుటున కిందికి వంగి, గోడకున్న ప్లగ్గు పట్టుకుని ఊడబెరికింది.

తెర నల్లబడింది.

"ఏమైంది! కరెంటు పోయిందా?" అని తిరిగిన భర్తకు భార్య నేల మీద వైరు పట్టుకుని కనిపించింది. ఆవిడ లేచి వెళ్ళి పలక తెచ్చింది. మార్కరు కిర్రుమనేలా రాసింది. "ఫార్మాట్ అంటే చెరిపేయడం!"

ఆయన ఆ మాట చదివాడు. మౌస్ మీదున్న తన చేతిని వేడి పెనం తగిలినట్టు లాక్కున్నాడు.

కంప్యూటర్‌ను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో అన్నయ్య కొట్టుకు వెళ్ళారు. వద్దన్నా వినకుండా అత్తగారు కూడా ఎక్కింది. అన్నయ్య పెద్ద డిస్కును ఊడదీసి కొట్టులో ఉన్న ఇంకో కంప్యూటర్‌కు తగిలించాడు. అదీ ఫార్మాట్ అనే అడిగింది. మరోదానికి తగిలించాడు. అదీ అంతే. మూడూ ఒకే పాఠం అప్పజెప్పినట్టుంది.

ప్రింటరు బాగుచేయించుకోవడానికి వచ్చినాయన తొంగిచూశాడు. "పోయిందండీ అది. మా బావమరిదిది కూడా ఇలాగే పోయింది."

"మీ ప్రింటరుకు రేపు రండి" అన్నాడు అన్నయ్య, తలెత్తకుండా. తర్వాత బావగారి వైపు తిరిగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "బావా, ఇంకో కాపీ ఉందా? ఫోన్‌లో? ఎక్కడైనా?"

భర్త తల అడ్డంగా ఊపాడు. రికార్డు చేసిందంతా నేరుగా కంప్యూటర్‌లోకే. మళ్ళీ చదివిద్దామంటే చదివే గొంతు లేదు. అన్నయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "నేనే... నేను ముట్టుకోకపోయినా బాగుండేది" అని గొణిగాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ మాత్రం తెర వైపే చూస్తోంది. ఆ డబ్బాలో మాటలు మళ్ళీ మళ్ళీ చదివింది. ఎక్కడా డిస్కు పాడైందని లేదు. గుర్తుపట్టలేకపోతున్నానని మాత్రమే ఉంది. ఈ మధ్య ఆవిడ ముందుకు వచ్చే మనుషులు చాలామంది అలాంటివాళ్ళే. జవాబు వినపడలేదు కాబట్టి లోపల ఏమీ లేదనుకుంటారు. పలక తీసి నింపాదిగా రాసింది.

"అది చెడిపోయిందా? లేక దాని భాష వీటికి రాదా?"

అన్నయ్య పలక చదివాడు. మళ్ళీ చదివాడు. నెత్తి కొట్టుకున్నాడు.

"ఓరి నా బుద్ధి మండా! ఈ కొట్టులో ఉన్నవన్నీ ఒకే సిస్టం కదా! పాత సిస్టం డిస్కు మీద రాసే పద్ధతే వేరు. వీటికి అది చదవడం రాదు. చదవడం రానివాడికి పుస్తకం ఇస్తే, ఖాళీగా ఉంది చింపేయనా అని అడుగుతున్నాడన్నమాట!"

"అయితే చదవడం వచ్చినవాడిని పిలవరా నాయనా!" అంది అత్తగారు.

పిలిచాడు. ఆ పాత సిస్టం ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే, కంప్యూటర్‌లో ఉన్నదేదీ కదపకుండా ఆ పెన్‌డ్రైవ్‌తోనే మొదలుపెట్టవచ్చు. చుట్టం చూపుగా వచ్చి, పని చూసుకుని పోతుంది. అన్నయ్య ఈసారి ప్రతి మెట్టూ పైకి చదివాడు. బావగారు విన్నాడు. ఆవిడ తలూపాకే నొక్కాడు.

తెర మీద పాత సిస్టం వెలిగింది. పక్కన పెద్ద డిస్కు బొమ్మ కనిపించింది. నొక్కితే ఫోల్డర్లు వరసగా వచ్చాయి! భర్త "హమ్మయ్య" అనబోయి మధ్యలో ఆగిపోయాడు. ఆవిడ ఫోల్డరు మీద చిన్న తాళం గుర్తు ఉంది. తెరవబోతే, మీరు దీని యజమాని కారు, మీకు అనుమతి లేదు అంది.

అన్నయ్య ఆ మాటలు చదివి వినిపించాడు. అంతే, అత్తగారు కొంగు దించి కొట్టు దద్దరిల్లేలా లేచింది.

"యజమాని కాదా? దాని గొంతు దానిది కాదంటాడా? ఎవడే వాడు? పిలువు ముందు! నేను గుమ్మంలో కూర్చుని కాపలా కాశాను, నేను చెప్తాను ఆ గొంతు ఎవరిదో!"

బజారులో పోయేవాళ్ళు ఆగి చూశారు. అన్నయ్యకు ఆ కంగారులోనూ నవ్వొచ్చింది. "ఎవడూ లేడు పిన్నిగారూ. అప్పట్లో ఫోల్డరుకు యజమానిగా పాత సిస్టంలో ఉన్న పేరు రాసుంది. ఇప్పుడు మనం చుట్టాల్లా వచ్చాం కదా, గుర్తుపట్టలేదు. ఇంటి పెద్ద హోదాలో అడిగితే తెరుస్తుంది."

"మరి అడుగు! హోదా లేకేం!"

నల్ల కిటికీ ఒకటి తెరిచి, ఆ హోదాలో ఒక్క వాక్యం టైపు చేశాడు అన్నయ్య. తాళం పోయింది. లోపల ఫైళ్ళు, కిందికి జరిపేకొద్దీ ఇంకా ఫైళ్ళు. అన్నయ్య చేయి తీసేసి మౌస్‌ను చెల్లెలి వైపు జరిపాడు.

ఆవిడ చూడకుండానే ఒకదాని మీద నొక్కింది.

"రాత్రంతా వాన కురవడంతో దారి తడిగా ఉంది. దయచేసి నెమ్మదిగా నడవండి."

పరుపుల గదిలో చదివిన ఆ వాక్యం ఎంత తేటగా ఉందంటే, వెనక ఎక్కడో అత్తగారు గొంతు సవరించుకున్న చప్పుడు కూడా వినిపించింది. భర్త గోడ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, శబ్దం లేని నోటితో, పరుగు పందెం గెలిచిన పిల్లలా గెంతింది. చెల్లెలు గెంతడం చూసి అన్నయ్య కూడా గెంతాడు. బల్ల మీది ప్రింటరు కింద పడబోతే అత్తగారే పట్టుకుంది.

అన్నిటికంటే ముందు కాపీలు తీశారు, ఏ సిస్టమైనా చదవగలిగే పద్ధతిలో. ఒకటి అన్నయ్య బీరువాలో, ఒకటి డాక్టరమ్మ దగ్గర, ఒకటి ఇంట్లో. అత్తగారు ఇంకోటి అడిగి తీసుకుని తన చీరల పెట్టెలో పెట్టుకుంది.

కొత్త సిస్టం మీద ప్రోగ్రాము ఆ ఫైళ్ళన్నీ విని గొంతు నేర్చుకుంది. మొదటి మాట వినడానికి అందరూ చేరారు.

"ముందు నాకు థాంక్స్ చెప్తుంది చూడండి" అన్నాడు అన్నయ్య.

"ఏమండీ అని నన్నే పిలుస్తుంది, పందెం" అన్నాడు భర్త.

ఆవిడ చాలాసేపు టైపు చేసింది. చెరిపింది, మళ్ళీ చేసింది. చివరికి నొక్కింది.

"అత్తయ్యా, కూరలో ఉప్పు తక్కువైందని అన్నాళ్ళు సాధించారు. ఉప్పు సరిగ్గానే ఉంది. మీ నాలుకే చప్పబడింది."

మాటల చివర్లు కాస్త బండగా వచ్చాయి. కానీ గొంతు ఆవిడదే, ఆ విరుపు ఆవిడదే. అత్తగారు కొంగు బిగించింది. చెంపల మీద నీళ్ళు కారుతుండగానే నడుం మీద చేయి వేసుకుంది.

"చూశారా! గొంతు ఇలా లేచిందో లేదో నా మీదికే వచ్చింది! నా నాలుక చప్పబడిందా? ఆ చారు నీళ్ళు తాగితే ఎవరి నాలుకైనా చప్పబడుతుంది!"

"మీరన్నదే వేదం, సరేనా?" అంది కంప్యూటర్, ఆవిడ పాత ఫైలు నొక్కగానే, పళ్ళు నూరుతూ.

భర్త పాల గిన్నె తెస్తానని వంటింట్లోకి పరుగెత్తాడు.

మరుసటి వారం ఆవిడ, అన్నయ్య ప్రోగ్రాము ఎక్కించి ఇచ్చిన లాప్‌టాప్ చంకన పెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన గట్టిగా అరిచి అడిగాడు. "అమ్మా! మిషను మాటలు! జనానికి! అర్థమవుతాయా!"

"చక్కగా అర్థమవుతాయి సార్. నాకు బాగానే వినపడుతుంది, మీరు నెమ్మదిగానే మాట్లాడవచ్చు."

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో ఆయనకు తెలుసు. ఇంకేమీ అడగకుండా మైకు గది తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ ఉదయం పాత టేపు ఆగింది. స్తంభాలకున్న స్పీకర్లన్నీ ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు చప్పుడు చేశాయి. "ప్రయాణికులకు నమస్కారం" అంది ఆ గొంతు. టీ కొట్టాయన గ్లాసు నిండి పొర్లుతున్నా కెటిల్ ఎత్తడం మరిచిపోయాడు. ఒక డ్రైవరు హారన్ కొట్టాడు. పక్కవాడు కొట్టాడు. కాసేపటికి ఆవరణలో ఉన్న బస్సులన్నీ హారన్లు కొడుతున్నాయి. తన బస్సులో స్టీరింగు పట్టుకుని కూర్చున్న భర్తకు ముందున్న దారి మసకగా కనిపించింది. "పోనివ్వవయ్యా, ఆఫీసులకు వెళ్ళాలి!" అని వెనక నుంచి జనం కేకలు వేస్తే కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ గేరు వేశాడు.

గోల సద్దుమణిగాక మైకు గది కిటికీ దగ్గరకు ఒక ప్రయాణికుడు వచ్చాడు. ఊరికి కొత్తవాడిలా ఉన్నాడు. రెండు చేతులా సంచులు.

"ఏమ్మా, ఆసుపత్రి వైపు వెళ్ళేది ఎక్కడ ఆగుతుంది?"

ఆవిడ వేళ్ళు గబగబా ఆడాయి. "నీళ్ళ కుళాయి పక్కన, చివరి ప్లాట్‌ఫారం. పది నిమిషాలు ఆలస్యంగా వస్తోంది."

"ఎప్పుడూ ఆలస్యమే" అని విసుక్కుంటూ, ఆయన వెనక్కి తిరిగైనా చూడకుండా నీళ్ళ కుళాయి వైపు వెళ్ళిపోయాడు. ఆ విసుగు వింటూ ఆవిడ హాయిగా నవ్వుకుంది.