చెంప మీద దురదగొండి

స్పెయిన్‌లోని కాదిస్‌లో సముద్రపు గోడ వెనక సందులో నాదో వేపుడు కొట్టు. అందరూ వచ్చేది సముద్రపు దురదగొండి కోసం. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాళ్లకు అంటుకుని కనిపించే ఆకుపచ్చ జీవి అది, పువ్వులా ఉంటుంది. పిండిలో దొర్లించి నూనెలో వేస్తే పైన కరకర, లోపల వెన్న. పచ్చిగా తగిలితే మాత్రం ఒళ్లు వాతలు తేలుతుంది. ఏరేవాళ్ల అరచేతులు మొద్దుబారి ఉంటాయి కనుక వాళ్లకు తెలియదు.

తొమ్మిదేళ్లుగా నాకు వాటిని ఏరి తెచ్చేది ఎలాదియో. మనిషి బంగారం, నోట్లో మాట మాత్రం ఉండదు. మా ఆయన పోయి పన్నెండేళ్లు. ఎలాదియో అంటే నాకు ఇష్టం. పైకి చెప్పడానికి ధైర్యం చాలలేదు, ఎందుకంటే కొట్టులో నా పక్కన నిలబడి పిండి కలిపేది మా ఆయన అక్క ఒబ్దూలియా.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆమె బజారుకెళ్లిన సమయంలో ఎలాదియో బకెట్ దించాడు.

"ఇదే ఆఖరు. రెండింటి బస్సుకి ఉయెల్వాలో చెల్లెలింటికి పోతున్నా."

"అక్కడేముంది?"

"ఇక్కడ ఉండమన్నవాళ్లు లేరుగా."

నేను పిండి పళ్లెం ముందుకు లాక్కున్నాను. నా చెంపకు పిండి అంటినట్టుంది, అరచేత్తో తుడిచాడు. పిండి తుడవడానికి అంతసేపు పట్టదు. నేనూ మొహం తిప్పుకోలేదు. అన్నేళ్లుగా ఏరుతున్నవాడు, చేతులు కడుక్కోవడం మరిచిపోయాడు.

పావుగంటకల్లా నా చెంప భగ్గుమంది. అయిదు వేళ్లూ అచ్చుగుద్దినట్టు తేలాయి. ఒబ్దూలియా రానే వచ్చింది.

"ఎవడే కొట్టింది?"

"ఎవరూ కొట్టలేదు వదినా."

"ఎలాదియో తల దించుకుని పోతుంటే చూశాను, రెండింటి బస్సుకి ఊరొదిలి పోతున్నాడట. వాడేగా?" గరిటె అందుకుంది. "బస్సెక్కేలోగా సందంతా వాడి వెంట పడకపోతే చూడు."

నేను ఊరుకుంటే నా గుట్టు దాగుతుంది. ఎలాదియో మాత్రం ఆడదాన్ని కొట్టినవాడన్న పేరుతో ఊరు వదలాలి.

"కొట్టలేదు వదినా. నిమిరాడు. నేనే నిమరనిచ్చాను. వెళ్లొద్దని చెప్పలేక చచ్చిపోతున్నాను."

గరిటె దించి నన్ను ఎగాదిగా చూసింది.

"మా తమ్ముడు నీకోసం తిరిగి రాడు, పాస్తోరా. మూగనోము పట్టిన మీ ఇద్దరి మధ్యా పిండి కలపలేక నేను చస్తున్నా. టైమెంతయిందో చూశావా? ఇంకా నిలబడతావేం?"

నూనె చేతులతోనే బస్సు దగ్గరికి పరుగెత్తాను. నా చెంప చూసి ఎలాదియో పాలిపోయాడు.

"అయ్యో, నేనేనా?"

"ఇంకెవరు?"

"వెనిగర్ రాయి. రెండ్రోజుల్లో పోతుంది."

"పోతే పోనీ, రెండో చెంప ఉందిగా. నువ్వు మాత్రం వెళ్లకు, ఎలాదియో."

ఉయెల్వా బస్సు ఆయన లేకుండానే కదిలింది.