పాస్‌వర్డ్ గడి కింది రంగు గీత

నేను ఒక గీతను. వెబ్‌సైటులో పాస్‌వర్డ్ పెట్టుకునే గడి కింద ఉంటాను. మాట బలహీనమైతే ఎర్రబడతాను, గట్టిదైతే పచ్చబడతాను. నన్ను తయారుచేసింది పాలకొల్లు అమ్మాయి ప్రత్యూష, నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ల సంఘం కోసం. వాళ్లు తమ కొత్త అల్లికల ఫొటోలు పేరుతో సహా సైటులో పెడతారు. నచ్చినవి ఎగ్జిబిషన్‌కు వెళతాయి.

మనుషులు వీధి తలుపు తాళం వేశాక లాగి లాగి చూస్తారు. పాస్‌వర్డ్ దగ్గరకొచ్చేసరికి బిడ్డ పేరు రాసి ఊరుకుంటారు. సంఘంలోని సువార్తమ్మ కూడా అంతే. కూతురి పేరు పక్కన ఒకటి, రెండు, మూడు కొట్టింది. నేను ఎర్రబడ్డా ఆవిడ పట్టించుకోలేదు.

ఆ కూతురి పేరు ఊరంతటికీ తెలుసు. లేసు కొనే బేరగాడొకడు ఆవిడ ఖాతాలో దూరి, ఆవిడ కొత్తగా అల్లిన నత్తగుల్ల అల్లిక ఫొటో కింద తన మరదలి పేరు పెట్టేశాడు. ఆ చేతిపని ఎవరిదో తోటివాళ్లు చూడగానే గుర్తుపట్టి, సంఘం చేత పేరు మార్పించారు. కానీ సువార్తమ్మ మనసు విరిగిపోయింది. ఇక ఫొటోలు పెట్టనంది.

ప్రత్యూష ఆవిడ ఇంటికి వెళ్లి బతిమాలి, కొత్త పాస్‌వర్డ్ పెట్టమంది. ఆవిడ అదే కూతురి పేరుకు ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు తగిలించింది. ప్రత్యూష నాకు నేర్పిన నియమాలు అవే కాబట్టి నేను పచ్చబడ్డాను. ప్రత్యూష ముఖం మాత్రం వాడిపోయింది. దొంగ రెండోసారి వస్తే ముందు ప్రయత్నించేది అదేనని ఆమెకు అర్థమైంది. అక్కడే కూర్చుని నా నియమాలన్నీ తీసేసింది. పేర్లూ, అందరూ వాడే మాటలూ ఒప్పుకోవద్దనీ, పొడవు చూడమనీ నేర్పింది.

"పిన్నిగారూ, మీరు ఎవరితోనూ అనని మాట ఒకటి పొడుగ్గా రాయండి" అంది.

సువార్తమ్మ ప్రత్యూషను అటు తిరగమని, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క వేలితో తెలుగు వాక్యం కొట్టింది. ఎరుపు, పసుపు దాటి నేను నిండా పచ్చబడ్డాను. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా అత్తగారిని అందామనుకుని అన్లేకపోయిన మాటమ్మాయ్."

ఆ మాటేమిటో నేను చెప్పను. చూస్తాను, మరిచిపోతాను. అదే నా ఉద్యోగం.

నత్తగుల్ల అల్లిక ఆవిడ పేరుతోనే హైదరాబాదు ఎగ్జిబిషన్‌కు వెళ్లింది. తర్వాత సైటుకు వేలిముద్రతో తెరిచే పద్ధతి వచ్చింది. నా దగ్గరకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. దారం రాపిడికి సువార్తమ్మ వేలి గీతలు అరిగిపోయాయి. ఫోను ఆవిడను గుర్తుపట్టదు. అందుకని ఆవిడ ఇప్పటికీ వస్తుంది. అప్పుడప్పుడూ పాస్‌వర్డ్ మారుస్తుంది కూడా. పాతదే గట్టిగా ఉంది, మార్చక్కర్లేదని ప్రత్యూష చెప్పి చూసింది.

"ఉండనీ అమ్మాయ్," అంది సువార్తమ్మ, "అన్లేనివి ఇంకా చాలా ఉన్నాయి."