నురగ దిగిన తరువాత

ఎనభై ఆరు ఎండాకాలంలో చిత్తూరులోని ఒక పాల డెయిరీ కంప్యూటర్ గదిలో రెండు యంత్రాలు పక్కపక్కన ఉండేవి. పాతదాన్ని పంకజాక్షి చూసుకునేది. కొత్తదాన్ని పరీక్షకని ఒక కంపెనీ తెచ్చి, దాని మీద పనికి ఆమె తమ్ముడు సుందరరాజును పెట్టుకుంది. డెయిరీ దాన్ని కొంటే సుందరరాజు చిత్తూరులోనే ఉంటాడు. పంకజాక్షికి ఆఫీసులో ఇంకో కుర్చీ చూపిస్తారు. కొనకపోతే యంత్రంతోపాటు అతన్నీ నాగపూరుకు తీసుకుపోతారు.

నాగపూరు అన్న మాట వింటేనే ఆమెకు నాయన గుర్తొచ్చేవాడు. నాయన కోలారు గనుల్లో పనికని పోయి మళ్ళీ రాలేదు. ఇంటింటికీ పాలు పోసి పిల్లల్ని సాకిన అమ్మ, ఆయన కోసం వాకిట్లోకి చూస్తూ చూస్తూనే పోయింది. మిగిలింది ఈ తమ్ముడే. అన్నం కలిపి పెట్టిందీ, అక్షరాలు దిద్దించిందీ తనే.

రెండు యంత్రాల మీదా ఒకే బిల్లుల పని నడిపి, ఏ డిస్క్ తొందరగా జవాబిస్తుందో చూడమన్నాడు మేనేజరు ఏకాంబరం. వాటి ఆపరేటింగ్ సిస్టములు వేరు, డిస్క్ వేగం చూపే ప్రోగ్రాములూ వేరు. సుందరరాజు రెండు అంకెలనూ ఒకే కాగితం మీద రాసిచ్చాడు. కొత్తది రెండింతలు చురుకు.

"మీ అక్క మిషను ముసల్దయిపోయిందప్పా. దాన్ని కాశీకి పంపిచ్చేస్తాం," అని ఏకాంబరం నవ్వాడు.

"నన్ను గూడా దాంతోనే పంపిచ్చేయండి సార్," అంది పంకజాక్షి.

"నువ్వూ ఒకసారి సూడమ్మా."

చూసింది. పాత యంత్రం, డిస్క్‌ను అడిగిన క్షణం నుంచి జవాబు వచ్చేదాకా లెక్కపెడుతుంది. వరసలో నిలబడ్డ సేపు కూడా అందులోనే. కొత్తది, డిస్క్ పనిని చేతికి తీసుకున్నాకే లెక్క మొదలుపెడుతుంది. వరస సంగతి దానికి పట్టదు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టడమే తప్పు.

"సరిగ్గానే ఉండాది సార్," అంది.

ఆ పూట ఇంట్లో పాయసం వండింది.

మర్నాడు ఆమె వచ్చేసరికి సుందరరాజు మేనేజరు ముందు నిలబడి ఉన్నాడు.

"తప్పయిపోయింది సార్. ఒకదాంట్లో వరసలో కాసుకోనుండే సేపు కలిసుండాది, ఇంకోదాంట్లో లేదు. వరస పడకుండా ఒక్కో పనే ఇచ్చి రెండిట్లో మళ్ళా సూసినా. పాతదే చురుకు."

"నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకుంటావేమప్పా?"

"ఉండేది చెప్పాల గదా సార్."

కొత్త యంత్రం లారీ ఎక్కింది. రెండు రోజులకు సుందరరాజు కాట్పాడి బండి ఎక్కాడు. నాయన ఎక్కిందీ ఆ బండే.

"నువ్వు నేర్పిందే గదక్కా," అన్నాడు కిటికీలోంచి. "అమ్మ పాలు పోసే దినాల్లో, నురగుండే చెంబునీ నురగ దిగిన చెంబునీ పక్కపక్కన పెట్టి సూడగాకురా, దిగినాక సూడు అని మొట్టినావే! ఆ అంకెలు సూస్తా ఉంటే అదే గుర్తొచ్చింది." చెయ్యి చాపి, "నీకు తట్టలేదా?" అన్నాడు.

ఆమె టిఫిన్ డబ్బా అతని చేతిలో పెట్టింది.

"లేదురా."

"అనుకున్నాలే. తెలిసుంటే నువ్వు చెప్పకుండా ఉంటావా?"

బండి కదిలింది. కిటికీ పట్టుకుని కొంచెం దూరం నడిచింది. తెలుసురా అనాలని నోరు తెరిచింది. అనేస్తే, అతను నమ్మి వెంట తీసుకుపోతున్న ఆ అబద్ధమాడని అక్క కూడా అతనికి మిగలదు. కిటికీ వదిలేసింది.