ఒకటో నంబరు ప్రింటు

ఒక చిత్రకారుడు కంప్యూటర్లో వేసిన బొమ్మకు సరిగ్గా పది ప్రింట్లు తీసి, కింద పెన్సిల్‌తో నంబర్లు రాసి, అయినవాళ్లకు పంచాడు. ఒకటో నంబరు ఎవరి దగ్గరుందో వాళ్లు తెచ్చిస్తే నేను చూసుకునే బొమ్మల ఆర్కైవ్‌లో భద్రపరుస్తానని కబురు పెట్టాను. బుద్ధి గడ్డి తిని పెట్టాను. మర్నాడు అతని పిన్ని, మేనత్త, వదిన, బావమరిది తలా ఒక ఒకటో నంబరుతో ఊడిపడ్డారు.

“మొదటిది నాకే ఇచ్చాడు!” అంటూ నలుగురూ నామీద విరుచుకుపడ్డారు.

ఒళ్లు మండి చిత్రకారుణ్ణి పిలిపించాను. అతని భార్య కూడా తన ప్రింటు పట్టుకుని వెంట వచ్చింది.

“ఏం చెయ్యమంటారండీ? రెండోదంటే ఎవరూ పుచ్చుకోరు,” అని అతను నీళ్లు నమిలాడు.

భార్య తన ప్రింటు బల్లమీద పెట్టింది. దాని నంబరు రెండు.

“అందుకా నాకు అంటగట్టారు?”