మూసే వైరు

రెండేళ్లకోసారి వచ్చే మోటార్‌సైకిళ్ల తనిఖీ ఆ లోయలో అందరికీ తెలిసిన నాటకమే. కొన్నప్పుడు బండితో వచ్చిన పాత కార్బ్యురేటర్లు ముందురోజు బిగిస్తారు, బుద్ధిమంతుల్లా వెళ్లి ముద్ర వేయించుకుంటారు, మర్నాడు వాటిని మళ్లీ అట్టపెట్టెలోకి తోసి తనిఖీలో ఒప్పుకోని పందేల కార్బ్యురేటర్లు తగిలిస్తారు. మెకానిక్ షోజో ఈ నాటకం ఎంతమంది చేత ఆడించాడో. ఈసారి చెల్లెలి మొగుడి వంతు వచ్చింది.

యసుహికోది నాలుగు సిలిండర్ల ముసలి బండి. ముద్ర పడిన సాయంత్రమే కొత్తగా కొన్న పందేల కార్బ్యురేటర్లు పట్టుకుని షోజో షెడ్డుకు దిగాడు. సోమవారం నుంచి మంచుకాలానికని కనుమ దారి మూసేస్తారట, ఆదివారం ఒక్కసారైనా ఎక్కి దిగకపోతే వసంతం దాకా నిద్రపట్టదట. అరవై దాటినా చిన్నపిల్లాడి ఆత్రం.

పాత కార్బ్యురేటర్లకు రెండు వైర్లుండేవి. యాక్సిలరేటర్ తిప్పితే ఒకటి ఇంజనులోకి గాలీ పెట్రోలూ వదిలే లోపలి పలకల్ని ఎత్తేది, వెనక్కి తిప్పితే రెండోది వాటిని బలవంతంగా మూసేది. కొత్తవాటితో ఆ రెండో వైరును పట్టుకునే క్లిప్పు రాలేదు. క్లిప్పు తెప్పించాక బిగిద్దాంలే, అందాకా పలకలు మూయడానికి స్ప్రింగు చాలు అనుకుని షోజో మూసే వైరును ఊడదీసి గోడకు తగిలించాడు.

"పలక ఇరుక్కుంటే ఎర్ర మీట నొక్కు, ఇంజను ఆగిపోతుంది," అని మాత్రం చెప్పాడు.

"ఆ మీట నేనెప్పుడు ముట్టుకున్నాను బావా? ఇరుక్కుంటే గట్టిగా వెనక్కి తిప్పేస్తా, ఎప్పుడూ చేసేదేగా," అన్నాడు యసుహికో.

ఆ వైరు లేకుండా ఇక ఎంత తిప్పినా లాభం లేదని షోజో అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ ఇంజను స్టార్టయింది. ఆ మోత వింటూ ఇద్దరూ వెర్రివాళ్లలా నవ్వుకున్నారు, చెప్పాల్సిన మాట అలాగే ఉండిపోయింది.

ఆదివారం తెల్లవారేసరికి పొగమంచు లోయ నిండా దిగింది. యసుహికో వెళ్లిన కాసేపటికి షోజో బయటికి వచ్చి గాలి పీల్చాడు. తడి చలి. ఇలాంటి గాలి తిన్నగా కార్బ్యురేటర్‌లోకి పోతే లోపల మంచు కడుతుంది, పలకలు ఎత్తినవి ఎత్తినట్టే బిగుసుకుంటాయి. షెడ్డులోకి వచ్చి యసుహికోకి ఫోన్ చేశాడు. అప్పుడే టీ ఫ్లాస్కు, మిసో సోయా పేస్టు పూసి కాల్చిన అన్నం ముద్దలు పట్టుకుని చెల్లెలు ఫుమియే లోపలికొస్తోంది. ఫోను ఆమె సంచిలోనే మోగింది.

"మర్చిపోయి వెళ్లాడు అన్నయ్యా. ఏంటలా ఉన్నావు?" అందామె.

షోజో ఏమీ లేదన్నాడు. చెవులు మాత్రం కొండకు అప్పగించాడు. మోత కనుమ మీదికి ఎక్కింది, పైన కాసేపు ఆగింది, తర్వాత దిగడం మొదలైంది. మొదటి మలుపు దగ్గర తగ్గింది, మళ్లీ పెరిగింది. రెండో మలుపు దగ్గరా తగ్గింది. షోజో ఊపిరి వదిలాడు.

మూడో మలుపు దగ్గర తగ్గలేదు.

ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేంత కీచుమని లేచింది. ఇంజనును చక్రం నుంచి విడదీసే క్లచ్ పట్టేశాడని షోజోకు అర్థమైంది. మీట, మీట నొక్కు అని లోలోపలే వేడుకున్నాడు. కొండల్లో ఏదో పగిలినట్టు చప్పుడైంది. ఆ తర్వాత కూడా ఇంజను అరుస్తూనే ఉంది, కానీ అటూ ఇటూ కదలకుండా ఒక్క చోటనే.

ఫుమియే టీ వంచుతూ చెవి ఒగ్గి విని మురిసిపోయింది. "ఎక్కడో ఆపాడు. దారిన పోయేవాళ్లని పట్టుకుని నీ పనితనం వినిపిస్తున్నట్టున్నాడు."

షోజో ట్రక్కు తాళాల కోసం బల్లంతా తడిమాడు. ఇంతలో కొండ మీద మోత తడబడింది, దగ్గింది, ఆగిపోయింది.

"హమ్మయ్య, ఇప్పుడు ఇంజను ఆపాడు," అంది ఫుమియే.

మీట నొక్కితే ఇంజను అలా ఆగదు. పడిపోయిన బండిలో పెట్రోలు అందక ఆరిపోతేనే అలా దగ్గుతుంది. షోజో తాళాలు అందుకున్నాడు.

"ట్రక్కెక్కు ఫుమియే," అన్నాడు.

ఆమె కప్పు చేత్తో పట్టుకునే లేచింది. ఆయనకి టీ వేడిగా తీసుకెళ్దామా, ఫ్లాస్కు కూడా పట్టుకురానా అని అడిగింది.